జింక్, క్రోమియం మాత్రలతో షుగర్ తగ్గుతుందా?

మెడికల్ షాపులో షుగర్ మందులు కొనే చోటే ఇప్పుడు మరో రకం స్ట్రిప్పులు కూడా కనిపిస్తున్నాయి. ముందువైపు 'డయాబెటిస్ ఉన్నవారికి' అని పెద్ద అక్షరాలు. వెనక్కి తిప్పితే చీమల బారులాంటి చిన్న అక్షరాల్లో జింక్, క్రోమియం పికోలినేట్, సెలీనియం, మాంగనీస్, మెగ్నీషియం. వీటిలో డాక్టర్ రాసినవి కొన్ని, షాపతను చేతిలో పెట్టినవి కొన్ని, వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి తెచ్చుకున్నవి ఇంకొన్ని. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్ల మంది. దాని అంచున ఉన్నవారు మరో 13.6 కోట్లు. ఇన్ని ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే: ఈ ఖనిజాలు నిజంగా షుగర్‌ని అదుపు చేస్తాయా?

క్లుప్తంగా చెప్పాలంటే, ఇన్సులిన్ తయారీలోనూ పనిలోనూ కొన్ని ఖనిజాల పాత్ర నిజమే. కానీ శరీరంలో ఆ ఖనిజానికి కొరత ఉన్నవారికి మాత్రతో కలిగే మేలు వేరు, కొరత లేనివారికి కలిగే ఫలితం వేరు. సెలీనియం విషయంలో అనవసరంగా వేసుకోవడం నష్టానికే దారి తీసినట్లు తేలింది. మన ఇళ్లకు అన్నిటికన్నా ఎక్కువ సంబంధం ఉన్న ఖనిజం ఈ స్ట్రిప్పుల మీద పెద్దగా కనిపించని ఇనుము. అది షుగర్‌ని మార్చకుండానే షుగర్ రిపోర్టును మార్చేయగలదు.

సూక్ష్మ ఖనిజాలంటే ఏవి

రోజుకు 100 మిల్లీగ్రాముల కన్నా తక్కువ అవసరమయ్యే ఖనిజాలను సూక్ష్మ ఖనిజాలు అంటారు. ఇనుము, జింక్, రాగి, మాంగనీస్, సెలీనియం ఈ కోవలోవి. పెద్ద మనిషి ఒంట్లో ఉండే జింక్ మొత్తం కలిపినా రెండు మూడు గ్రాములే. మెగ్నీషియం నిజానికి ఈ జాబితాలోది కాదు, ఒంట్లో 25 గ్రాముల దాకా ఉంటుంది. అయితే షుగర్ చర్చలో అది ఎప్పుడూ వీటి పక్కనే వస్తుంది కాబట్టి ఇక్కడా వదిలేయడానికి లేదు.

జింక్: ఇన్సులిన్ సీసాలోనే ఉంది

ఇన్సులిన్ తీసుకునేవారి ఇళ్లలో ఒక దృశ్యం అందరికీ తెలిసిందే. ఫ్రిజ్‌లోంచి తీసిన 30/70 మిక్స్ సీసా అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది. గట్టిగా ఊపకుండా రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తే సీసా అంతా పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు ప్రొటమైన్ అనే ప్రొటీన్‌తోనూ జింక్‌తోనూ కలిసి గడ్డకట్టిన ఇన్సులిన్ స్ఫటికాలది. స్ఫటికాలు చర్మం కింద నిదానంగా కరుగుతాయి. అందుకే దాని పని గంటల తరబడి సాగుతుంది.

ఈ కిటుకు 1930ల నాటిది. 1922లో టొరంటోలో మొదటిసారి రోగికి ఇన్సులిన్ ఇచ్చినప్పుడు దాని ప్రభావం కొద్ది గంటలే ఉండేది. రోజుకు ఎన్నోసార్లు సూది పొడుచుకోవాల్సి వచ్చేది. 1936లో డెన్మార్క్‌లో హాగెడార్న్ బృందం ఇన్సులిన్‌కు ప్రొటమైన్ కలిపింది. టొరంటోలో స్కాట్, ఫిషర్ అనే శాస్త్రవేత్తలు దానికి జింక్ జోడించి, ప్రభావం ఇంకా ఎక్కువసేపు నిలిచేలా చేశారు.

వాళ్లు సీసాలో చేసిన పని లాంటిదే క్లోమంలో ఎప్పటినుంచో జరుగుతోంది. బీటా కణాలు తయారుచేసిన ఇన్సులిన్‌ను వెంటనే బయటికి వదలవు, చిన్న చిన్న సంచుల్లో దాచుకుంటాయి. ఆ సంచుల్లో ఆరు ఇన్సులిన్ అణువులు రెండు జింక్ అయాన్ల చుట్టూ ఒక్క కట్టగా చేరతాయి. కట్టగా ఉంటే తక్కువ చోటు పడుతుంది, త్వరగా పాడవదు. భోజనం చేశాక రక్తంలో గ్లూకోజ్ పెరిగితే సంచి తెరుచుకుంటుంది, కట్ట రక్తంలో విడిపోతుంది, విడివిడి అణువులు పనికి బయల్దేరతాయి. మామూలు రెగ్యులర్ ఇన్సులిన్‌ను భోజనానికి అరగంట ముందు వేసుకోమనడానికి కారణం కూడా ఇదే. చర్మం కింద ఆ కట్ట విడిపోవడానికి టైమ్ పడుతుంది. 1996లో వచ్చిన లిస్‌ప్రో లాంటి కొత్త రకాల్లో కట్ట త్వరగా ఊడిపోయేలా ఇన్సులిన్ అణువులోనే రెండు అమైనో ఆమ్లాల స్థానాలు మార్చారు. అందుకే అవి వేసుకుని వెంటనే పళ్లెం ముందు కూర్చోవచ్చు.

ఇంత ముఖ్యమైన పాత్ర ఉంది కాబట్టి జింక్ మాత్ర మింగితే ఇన్సులిన్ పెరుగుతుందని అనుకోవడం సహజం. శరీరం అంత తిన్నగా లెక్క చెప్పదని ఒక జన్యువు కథ చూపిస్తుంది. బీటా కణంలోని సంచిలోకి జింక్‌ను చేరవేసే ప్రొటీన్ పేరు జింక్ ట్రాన్స్‌పోర్టర్-8. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక సాధారణమైన తేడా టైప్-2 మధుమేహం ముప్పును పెంచుతుందని 2007లో తేలింది. జింక్ సరిగా చేరకపోవడమే కారణమని అప్పట్లో చాలామంది భావించారు. 2014లో సుమారు లక్షన్నర మంది జన్యు సమాచారాన్ని పరిశీలిస్తే కథ తలకిందులైంది. ఆ జన్యువుకు ఉండే రెండు ప్రతుల్లో ఒకటి పూర్తిగా పనిచేయనివారిలో మధుమేహం ముప్పు ఏకంగా 65 శాతం తక్కువగా ఉంది. జింక్ చేరవేత తగ్గితే మేలు జరుగుతోందన్నమాట! క్లోమంలో జింక్ ఎంత ఉండాలన్నది మనం ఎంత మింగుతున్నామన్న దానితో తేలే విషయం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

అలాగని కొరత అబద్ధం కాదు. షుగర్ అదుపు తప్పి మూత్రం ఎక్కువగా వెళ్లేవారిలో ఆ మూత్రంతో పాటు జింక్ కూడా ఎక్కువగా పోతుంది. రక్తపరీక్షలో జింక్ తక్కువ కనిపించినప్పుడు కొరత వల్ల షుగర్ వచ్చిందా, షుగర్ వల్ల కొరత వచ్చిందా అన్న ప్రశ్న వేసుకోవాలి. చాలా వీడియోలు ఈ ప్రశ్న దగ్గర ఆగకుండా దాటిపోతాయి. జింక్ ఇచ్చి చేసిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే పరగడుపు షుగర్ కొంత తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ అవి ఎక్కువగా చిన్నవి, కొద్ది వారాలే సాగినవి. మందు మానేసేంత తేడా వాటిలో లేదు. ఇక ఎక్కువ మోతాదులో నెలల తరబడి జింక్ వేసుకుంటే పేగులు రాగిని పీల్చుకోవడం తగ్గిపోతుంది. దానివల్ల రక్తహీనత, నరాల సమస్యలు రావచ్చు. కాళ్లలో తిమ్మిర్లు షుగర్ వల్లేనని సరిపెట్టుకునేవారిలో ఈ కారణం బయటపడడం కష్టం.

క్రోమియం: పెరిగి తగ్గిన పేరు

షుగర్ స్ట్రిప్పుల మీద ఎక్కువగా కనిపించే పేరు ఇదే. దీని కథ 1957లో అమెరికాలో మొదలైంది. ష్వార్జ్, మెర్ట్జ్ అనే పరిశోధకులు ఎలుకలకు ఈస్ట్ పెట్టినప్పుడు వాటి ఒంట్లో గ్లూకోజ్ వాడకం మెరుగైంది. ఈస్ట్‌లో ఏదో ఉందని, దానికి 'గ్లూకోజ్ టాలరెన్స్ ఫ్యాక్టర్' అని పేరు పెట్టారు. రెండేళ్లకు అది క్రోమియం అని ప్రకటించారు.

1977లో టొరంటో నుంచి మరో బలమైన సాక్ష్యం వచ్చింది. మూడేళ్లకు పైగా నోటితో తిండి లేకుండా రక్తనాళం ద్వారానే పోషణ తీసుకుంటున్న ఒక మహిళకు బరువు తగ్గింది, నరాలు దెబ్బతిన్నాయి, ఇన్సులిన్ ఇచ్చినా షుగర్ అదుపులోకి రాలేదు. ఎక్కించే ద్రవంలో రోజుకు 250 మైక్రోగ్రాముల క్రోమియం కలిపారు. క్రమంగా ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయింది. ఆమె ఒంట్లోకి క్రోమియం వెళ్లే వేరే దారి లేదన్న సంగతి ఇక్కడ కీలకం. రోజూ అన్నం, పప్పు తినే మనిషి పరిస్థితి అది కాదు.

1997లో చైనాలో 180 మంది టైప్-2 రోగుల మీద చేసిన ప్రయోగం క్రోమియం మాత్రల వ్యాపారానికి ఊపిరి పోసింది. నాలుగు నెలల తర్వాత మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి సగటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ పరీక్ష) 8.5, రోజుకు 200 మైక్రోగ్రాములు వేసుకున్నవారిది 7.5, 1000 మైక్రోగ్రాములు వేసుకున్నవారిది 6.6. ఏ షుగర్ మందుకైనా గర్వంగా చెప్పుకునే తేడా ఇది. అయితే నెదర్లాండ్స్‌లో 2006, 2007ల్లో వెలువడిన ప్రయోగాల్లో అలాంటి ఫలితం రాలేదు. ఒక చోట అంత గొప్పగా కనిపించి ఇంకో చోట కనిపించకపోతే మాత్ర మహిమ కన్నా ముందు అనుమానించాల్సింది తేడాలను: ఎవరి మీద చేశారు, వారి తిండి ఏమిటి, అప్పటికే వారికి కొరత ఉందా.

2005లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, క్రోమియం పికోలినేట్ (మాత్రల్లో వాడే క్రోమియం రూపం) లేబుల్ మీద ఒక మాట రాసుకోవడానికి ఒప్పుకుంది. ఆ మాట కూడా ఒక చిన్న అధ్యయనం ఆధారంగా ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు కణాలు సరిగా స్పందించకపోవడం) ముప్పు తగ్గవచ్చని సూచిస్తూనే, ఆ సంబంధం చాలా అనిశ్చితమని దాని పక్కనే చెప్పాలన్న షరతుతో. 2014లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ఇంకో అడుగు ముందుకేసి, క్రోమియం మనిషికి తప్పనిసరి పోషకం అనడానికే నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. యాభై ఏళ్ల పాటు పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాట అలా ప్రశ్నార్థకమైంది.

పాత లెక్కలు తప్పడానికి ఒక ఆసక్తికరమైన కారణం ఉంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో క్రోమియం ఉంటుంది. ల్యాబుల్లో స్టీలు సూదులు, పరికరాల నుంచి కొంత క్రోమియం నమూనాల్లో కలిసిపోయి, పాత కొలతలు ఉన్నదానికన్నా చాలా ఎక్కువ చూపించాయి. వంటింట్లోనూ ఇదే జరుగుతుంది. స్టీలు గిన్నెలో చింతపండు పులుసు మరిగితే ఆ పులుపుకు గిన్నె నుంచి అతి స్వల్పంగా క్రోమియం పులుసులోకి దిగుతుంది. స్టీలు సామాన్ల మీదే వండుకునే ఇళ్లలో క్రోమియం కొరత గురించి టెన్షన్ పడాల్సిన పని పెద్దగా లేదు.

మెగ్నీషియం: కొరత ఉన్నచోట నిజమైన ఫలితం

ఇన్సులిన్ కణం తలుపు తట్టాక లోపల గొలుసుకట్టుగా కొన్ని చర్యలు జరగాలి. అవి జరిగితేనే గ్లూకోజ్ లోపలికి వస్తుంది. ఆ చర్యలకు శక్తినిచ్చే ఏటీపీ అణువు మెగ్నీషియంతో జతకడితేనే పనిచేస్తుంది. మెగ్నీషియం తగ్గితే ఇన్సులిన్ ఉన్నా కణం సరిగా స్పందించదు. షుగర్ పెరిగితే మూత్రంలో మెగ్నీషియం పోతుంది, పోయినకొద్దీ స్పందన ఇంకా తగ్గుతుంది. ఇదొక విషవలయం.

2003లో మెక్సికోలో వెలువడిన ఒక ప్రయోగం ఈ విషయంలో గమనించదగ్గది. రక్తంలో మెగ్నీషియం తక్కువగా ఉన్న టైప్-2 రోగులను మాత్రమే, 63 మందిని, ఎంచుకున్నారు. 16 వారాల పాటు మెగ్నీషియం క్లోరైడ్ ఇచ్చారు. పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ రెండూ మెరుగుపడ్డాయి. కొరత ఉన్నవారిని ఏరి ఇచ్చారు కాబట్టి ఫలితం కనిపించింది. అందరికీ ఒకే రకంగా పంచిన ప్రయోగాల్లో ఇంత స్పష్టత లేదు.

కొరత ఎవరికి రావచ్చన్నది ఊహించడం కష్టమేమీ కాదు. బీపీకి వాడే కొన్ని మూత్రం మాత్రలు, గ్యాస్ ట్రబుల్‌కి రోజూ పరగడుపున వేసుకునే ప్యాంటప్రజోల్ లాంటి మందులు మెగ్నీషియాన్ని తగ్గిస్తాయి. గ్యాస్ మాత్రల గురించి 2011లోనే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. షుగర్, బీపీ, గ్యాస్ మూడింటికీ ఏళ్ల తరబడి మాత్రలు వేసుకునేవారు మన దగ్గర తక్కువ కాదు. అలాంటివారు కాళ్ల పిక్కలు పట్టేస్తున్నాయని చెబితే మెగ్నీషియం పరీక్ష చేయించడం సమంజసం. అయితే ఒంట్లోని మెగ్నీషియంలో రక్తంలో ఉండేది ఒక్క శాతం కూడా కాదు. రిపోర్టు నార్మల్ వచ్చినంత మాత్రాన ఎముకల్లో, కండరాల్లో నిల్వలు బాగున్నాయని చెప్పలేం.

సెలీనియం, వెనేడియం: జాగ్రత్త పడాల్సిన చోట

సెలీనియం యాంటీ ఆక్సిడెంట్ ఎంజైముల్లో భాగం. ఆక్సీకరణ దెబ్బ నుంచి కణాలను కాపాడుతుంది కాబట్టి షుగర్‌నూ ఆపుతుందని అనుకున్నారు. అమెరికాలో చర్మ క్యాన్సర్ నివారణ కోసం రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చి చేసిన పెద్ద ప్రయోగాన్ని 2007లో ఈ కోణంలో తిరిగి విశ్లేషించారు. సగటున ఏడేళ్లకు పైగా చూస్తే, సెలీనియం వేసుకున్నవారిలో కొత్తగా మధుమేహం వచ్చే ముప్పు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికన్నా 55 శాతం ఎక్కువగా తేలింది. రక్తంలో మొదటినుంచీ సెలీనియం దండిగా ఉన్నవారిలోనే ఈ ముప్పు మరీ ఎక్కువ. మంచిదే కదా అని వేసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

వెనేడియం కథ ఇంకా పాతది. 1899లోనే ఫ్రాన్స్‌లో రోగుల మీద ప్రయత్నించారు. 1985లో కెనడాలో ఎలుకల మీద అది ఇన్సులిన్‌లా పనిచేసింది. మనుషుల్లో ఆ ఫలితం రావాలంటే కావలసిన మోతాదును కడుపు తట్టుకోలేదు. మందుగా ఆమోదం రాలేదు.

మాత్ర కన్నా ముందు పళ్లెం

బియ్యం పాలిష్ పట్టినప్పుడు తవుడుతో పాటు మెగ్నీషియం చాలా భాగం పోతుంది, జింక్ కొంత పోతుంది. తవుడు పశువులకు, తెల్లన్నం మనకు. మూడు పూటలా తెల్లన్నమే తినే ఇంట్లో ఖనిజాలు తగ్గడానికి మూలం ఇక్కడే ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణాల ప్రకారం మగవారికి రోజుకు 17 మిల్లీగ్రాములు, ఆడవారికి 13 పైచిలుకు జింక్ కావాలి. ఇది చాలా పాశ్చాత్య దేశాల లెక్క కన్నా ఎక్కువ. ధాన్యాలు, పప్పుల మీద ఆధారపడ్డ మన తిండిలో ఫైటేట్ అనే పదార్థం జింక్‌నూ ఇనుమునూ పట్టి ఉంచి పేగుకు అందనివ్వదు. తిన్నదంతా ఒంటపట్టదు కాబట్టి లెక్క పెంచి చెప్పాల్సి వస్తుంది.

ఫైటేట్‌ను తగ్గించే పద్ధతులు మన వంటల్లోనే ఉన్నాయి. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం. నానబెట్టి రుబ్బిన పెసర పిండి, రాత్రంతా పులిసిన మినప పిండి అట్లలోంచి ఖనిజాలు మెరుగ్గా అందుతాయి. మొలకెత్తిన పెసలు, నానిన శనగలు, నువ్వులు, తవుడు మిగిలిన బియ్యం, తినేవారికి మాంసం, గుడ్డు మంచి వనరులు. మాంసంలోని జింక్, ఇనుము తేలిగ్గా ఒంటపడతాయి.

రాగుల గురించి ఒక్క మాట. మెగ్నీషియం వాటిలో బాగానే ఉంది. కానీ మెత్తటి పిండిని పల్చగా జావ కాస్తే అది త్వరగా అరిగి షుగర్‌ని వేగంగా పెంచుతుంది. గ్లాసుడు జావ తాగి రెండు గంటలకు వేలు గుచ్చి చూసుకుంటే ఎవరికి వారికే తెలుస్తుంది. ఖనిజం కోసం తిన్నది పిండిపదార్థం లెక్కలో ఎదురు రాకూడదు.

స్ట్రిప్పు వెనక ఏముందో

ఈ ఉత్పత్తుల్లో చాలావాటి మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, వైద్య వినియోగానికి కాదన్న మాట ఉంటాయి. అంటే అవి చట్టం దృష్టిలో ఆహారం, మందు కాదు. షుగర్ తగ్గిస్తుందని ప్రయోగాలతో రుజువు చేయాల్సిన బాధ్యత మందు మీద ఉంటుంది, వీటి మీద అలా ఉండదు. వైద్య మార్గదర్శకాలు కూడా కొరత రుజువు కానప్పుడు క్రోమియం, జింక్ లాంటివి షుగర్ కోసం వేసుకోమని చెప్పడం లేదు. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో మెగ్నీషియం బయటికి పోక పేరుకుంటుంది, అది గుండె లయకే ప్రమాదం. ఏళ్లుగా షుగర్ ఉన్నవారిలో కిడ్నీ సమస్య సాధారణం కనుక, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు డాక్టర్‌కు చూపించకుండా ఈ స్ట్రిప్పులు కొనుక్కోవడం మంచిది కాదు.

ఇనుము: రిపోర్టును మార్చే ఖనిజం

ఇనుము ఎక్కువైతే క్లోమానికి నేరుగా హాని. పుట్టుకతో ఇనుము పేరుకునే జబ్బు ఉన్నవారికీ, తలసీమియా వల్ల తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లలకూ పెద్దయ్యేసరికి మధుమేహం రావడానికి కారణం అదే. పేరుకున్న ఇనుము ఆక్సీకరణను పెంచుతుంది, దాన్ని తట్టుకునే శక్తి బీటా కణాలకు తక్కువ.

మన దగ్గర ఎక్కువ మందిని తాకేది దీనికి వ్యతిరేకమైన సమస్య. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దీనికి షుగర్‌తో ఏం సంబంధం అంటే, మూడు నెలల షుగర్ అని పిలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేది రక్తంలోని గ్లూకోజ్‌ను కాదు, ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజ్‌ను. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఎంత పాత కణమైతే అంత గ్లూకోజ్ అంటుకుని ఉంటుంది. ఇనుము కొరతలో కొత్త కణాల తయారీ మందగిస్తుంది, ఉన్నవాటిలో పాతవాటి వాటా పెరుగుతుంది. దాంతో అసలు షుగర్ మారకపోయినా హెచ్‌బీఏ1సీ కాస్త పైకి చూపిస్తుంది.

ఉదాహరణకు హిమోగ్లోబిన్ 8 ఉన్న ఒకామెకు హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చిందనుకుందాం. రిపోర్టు చూసి షుగర్ అంచున ఉన్నారని చెబుతారు, ఇంట్లో అందరికీ దిగులు పట్టుకుంటుంది. మూడు నెలలు ఇనుము మాత్రలు వేసుకున్నాక అదే పరీక్ష తక్కువ చూపించవచ్చు. మధ్యలో ఏ పసరో, ఏ క్రోమియం మాత్రో వాడి ఉంటే ఆ ఘనత దానికే దక్కుతుంది. అబద్ధపు నమ్మకాలు ఇలాంటి చోటే పుడతాయి.

ఇనుము మొదలుపెట్టిన కొత్తలో, రక్తం ఎక్కించాక, ఎర్రకణాలు త్వరగా చితికిపోయే జబ్బుల్లో దీనికి తిరగబడి జరుగుతుంది. కొత్త కణాలు ఎక్కువై హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఏజెన్సీ గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి అసలు ఈ పరీక్షనే నమ్ముకోకూడదు. షుగర్ ఉండి కూడా లేదని రావచ్చు. గర్భిణులకు షుగర్ నిర్ధారణ కోసం 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చూడడానికి ఒక కారణం కూడా గర్భంలో ఎర్రకణాల లెక్క మారిపోవడమే.

కాబట్టి హెచ్‌బీఏ1సీ ఒక మాట, ఇంట్లోని గ్లూకోమీటర్ ఇంకో మాట చెబుతుంటే మిషన్ పాడైందని పక్కన పెట్టేయకుండా, అదే రోజు తీసిన రక్తంలో హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలు చెప్పే ఫెరిటిన్ కూడా చూడమని అడగాలి. పరగడుపున 126, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200 అన్న హద్దులు ఎర్రకణాల వయసుతో మారవు.